ఏ యాప్‌ని ఎంతవరకు నమ్మాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త ఫోన్ కొన్నప్పుడు, పాతది పోయినప్పుడు, కంప్యూటర్ మొరాయించినప్పుడు చుట్టాలూ స్నేహితులూ అడిగే ప్రశ్నలివి. ఏ సాఫ్ట్‌వేర్ గురించి అడిగినా నేను ముందు ఆలోచించేది ఒకటే. ఇది చెడిపోయిన రోజున, దీని కంపెనీ మూతబడిన రోజున, ఇది దొంగ చేతికి చిక్కిన రోజున నాకేం మిగులుతుంది, వాడికేం దొరుకుతుంది? కింది జవాబులన్నీ అక్కణ్నుంచి వచ్చినవే.

నా దగ్గర రహస్యాలేమీ లేవు. నా సమాచారం ఎవరు చూస్తే నాకేంటి?

2020 చివర్లో తెలంగాణలో అప్పుల యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లూ మనలాంటి మామూలు మనుషులే. చేతిలో డబ్బు లేక, చిన్న అప్పు కోసం ఒక యాప్ వేసుకున్నారు. కాంటాక్టులు చూడనివ్వమని అది అడిగితే సరే అన్నారు. వాయిదా దాటగానే ఆ కాంటాక్టుల్లో ఉన్న బంధువులకూ ఆఫీసువాళ్లకూ వీళ్లు మోసగాళ్లంటూ మెసేజీలు వెళ్లాయి. ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపారు. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఆ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసి చాలామందిని అరెస్టు చేశారు. 2022లో రిజర్వు బ్యాంకు, అప్పుల యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ వివరాల జోలికి పోకూడదని చెప్పింది. 2023లో గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని అప్పుల యాప్‌లకు కాంటాక్టులు, ఫొటోలు అందకుండా ఆపింది.

అక్కడ ఆయుధంగా మారింది మామూలు ఫోన్ బుక్. అందులో ఉన్నవి మన మీద నమ్మకంతో వేరేవాళ్లు ఇచ్చిన నంబర్లు. వాటిని ముక్కూమొహం తెలియని కంపెనీకి అప్పగించే హక్కు మనకు లేదని నా అభిప్రాయం. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. ఆ హక్కు అందరిదీ.

కొత్త యాప్ వేసుకునే ముందు ఏం చూడాలి?

అసలు యాప్ అవసరమా అన్నది ముందు చూడండి. రైలు టికెట్టు, కరెంటు బిల్లు, వార్తాపత్రిక, ఇవన్నీ బ్రౌజర్‌లోనే చూసుకోవచ్చు. బ్రౌజర్‌లో తెరిచిన సైటుకు మీ కాంటాక్టులు కనిపించవు, మీ ఎస్ఎంఎస్‌లు చదవలేదు. వేసుకోని యాప్ వల్ల ఏ నష్టమూ రాదు.

వేసుకోక తప్పకపోతే, అది దేనితో బతుకుతోందో కనుక్కోండి. నెలనెలా చందా తీసుకుంటోందా, ప్రకటనలు చూపిస్తోందా, విరాళాల మీద నడుస్తోందా? డబ్బు ఎటునుంచి వస్తోందో తెలియకపోతే ఆ యాప్ విషయంలో తొందరపడకండి. తర్వాత అనుమతులు. కీబోర్డు యాప్‌కి లొకేషన్ ఎందుకు? టార్చి లైటుకి కాంటాక్టులు ఎందుకు? వద్దని నొక్కితే యాప్ అసలు పనిచేయనంటే తీసేయండి. చాలావరకు పనిచేస్తాయి. ఆండ్రాయిడ్‌లో లొకేషన్, కెమెరా, మైకు అడిగినప్పుడు "ఈసారికి మాత్రమే" అన్న ఎంపిక ఉంటుంది, అది నొక్కడం అలవాటు చేసుకోండి. సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిస్తే మైకు ఏ యాప్‌ల చేతిలో ఉందో, లొకేషన్ ఏ యాప్‌ల చేతిలో ఉందో జాబితాగా కనిపిస్తుంది. ఒక ఆదివారం కూర్చుని చూడండి. ఎప్పుడో మరిచిపోయిన యాప్‌లు చాలా బయటపడతాయి.

వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అని ఒక ఫైలు వచ్చింది. తెరవొచ్చా?

ఫైలు పేరు చివర ఏపీకే (.apk, ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) అని ఉంటే తెరవకండి. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ పేర్లతోనూ ఇవే ఫైళ్లు తిరుగుతున్నాయి. ఇన్‌స్టాల్ చేశాక మీ ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు దొంగకు చేరవేస్తాయి. తెలిసినవాళ్ల నంబరు నుంచే రావచ్చు, ఎందుకంటే వాళ్ల ఫోను అప్పటికే దొంగల చేతికి పోయి ఉంటుంది. పంపినవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. పొరపాటున ఇన్‌స్టాల్ చేసేసి ఉంటే వెంటనే మొబైల్ డేటా, వైఫై ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేయండి.

వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్: వీటిలో ఏది మంచిది?

ఎక్కువమంది తప్పుగా అనుకునేది టెలిగ్రామ్ గురించే. అందులో మామూలు చాట్‌లు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప కంపెనీ కూడా చదవలేని తాళంలో, ఉండవు. మీరు ప్రత్యేకంగా సీక్రెట్ చాట్ తెరిస్తేనే ఉంటుంది, అదీ ఇద్దరి మధ్యే, గ్రూపులకు లేదు. అంటే మీ మామూలు మెసేజీలు కంపెనీ సర్వర్ల మీద, కంపెనీ తెరవగలిగిన రూపంలో ఉంటాయి. పెద్ద చానెళ్లకూ, పెద్ద ఫైళ్లు పంపుకోవడానికీ టెలిగ్రామ్ సౌకర్యమే. సొంత సంగతులకు నేను వాడను. దాని అధిపతి పావెల్ దురోవ్ 2024 ఆగస్టులో ఫ్రాన్సులో అరెస్టయ్యాక, చట్టబద్ధంగా అడిగితే వాడకందారుల ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రసులు అధికారులకు ఇస్తామని కంపెనీయే ప్రకటించింది.

వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి అన్ని మెసేజీలకూ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టింది. అందుకు వాడింది సిగ్నల్ వాళ్లు తయారుచేసిన పద్ధతినే. మీరు రాసింది మధ్యలో ఎవరూ చదవలేరు. కానీ ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారన్న వివరం కంపెనీకి తెలుస్తుంది. 2021లో తెచ్చిన కొత్త గోప్యతా విధానాన్ని ఒప్పుకుంటారా, మానేస్తారా అని వాడకందారుల మీద ఒత్తిడి తెచ్చినందుకు మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో దాని యజమాని మెటాకు రూ. 213 కోట్ల జరిమానా వేసింది.

వాట్సాప్‌లో చాలామంది చూడని చోటు ఇంకోటుంది. చాట్ బ్యాకప్ మామూలుగా గూగుల్ ఖాతాలోకో ఐక్లౌడ్‌లోకో వెళ్తుంది. సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ దగ్గర ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేయకపోతే ఆ కాపీకి అంతటి రక్షణ ఉండదు. దారి పొడవునా తాళం వేసిన మెసేజీ చివరికి అక్కడ తాళం లేకుండా కూర్చుంటుంది. 2021 నుంచి ఈ సౌకర్యం ఉంది. ఆన్ చేయండి. దానికి పెట్టిన పాస్‌వర్డ్ కాగితం మీద రాసి భద్రం చేయండి, మరిచిపోతే కంపెనీ కూడా తెరిచి ఇవ్వలేదు.

సిగ్నల్ లాభాపేక్ష లేని సంస్థ నడిపేది, కోడ్ బహిరంగం, అంటే ఆ ప్రోగ్రామ్ ఎలా రాశారో ఎవరైనా చూడొచ్చు. 2016లో అమెరికా ప్రభుత్వం కోర్టు ద్వారా ఒక ఖాతా వివరాలు అడిగితే వాళ్లు ఇవ్వగలిగింది రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్టయిన తేదీ. అంతకుమించి వాళ్ల దగ్గర ఏమీ లేదు. కంపెనీ మనసు మారినా, సర్వర్లు దొంగల పాలైనా, లేని సమాచారం ఎవరికీ అందదు. నా సొంతవాళ్లతో నేను దాన్నే వాడతాను. పెళ్లి పిలుపులూ అపార్ట్‌మెంట్ గ్రూపులూ వాట్సాప్‌లోనే ఉన్నాయి, అవి అక్కడే ఉండనివ్వండి. రెండూ పెట్టుకోవడంలో ఇబ్బందేమీ లేదు.

ఇన్ని పాస్‌వర్డ్‌లు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

గుర్తుపెట్టుకోకండి. మనిషి జ్ఞాపకానికి అది మించిన పని. గుర్తుపెట్టుకోవాలని చూసే ప్రతివాళ్లూ చివరికి ఒకే పాస్‌వర్డ్‌ని అన్నిచోట్లా వాడతారు, లేదా పిల్లల పేరు పక్కన పుట్టిన సంవత్సరం చేరుస్తారు. అది ఊళ్లో ఇళ్లన్నిటికీ ఒకటే తాళంచెవి పెట్టడం లాంటిది. ఏదో చిన్న షాపింగ్ సైటు దొంగల పాలైతే, అక్కడ దొరికిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జతని దొంగలు జీమెయిల్‌లో, ఫేస్‌బుక్‌లో, అన్నిట్లో యంత్రాలతో ప్రయత్నించి చూస్తారు. మీ ఈమెయిల్ ఇలాంటి లీకుల్లో ఉందో లేదో ఆస్ట్రేలియాకు చెందిన ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన హ్యావ్ ఐ బీన్ పౌన్డ్ అనే సైటులో ఉచితంగా చూసుకోవచ్చు.

పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. బిట్‌వార్డెన్ ఉచితం, కోడ్ బహిరంగం, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ పనిచేస్తుంది. ఎవరి సర్వర్ మీదా ఉండకూడదనుకుంటే కీపాస్ఎక్స్‌సీ ఉంది. అందులో పాస్‌వర్డ్‌లన్నీ మీ దగ్గరే ఒక ఫైలుగా ఉంటాయి, ఆ ఫైలు భద్రం మీ బాధ్యత. ఏది వాడినా మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క ప్రధాన పాస్‌వర్డ్. దానికి పొంతన లేని ఐదారు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవచ్చు. దోసకాయ, ఇనుము, పంచాంగం, గొడుగు, రేపల్లె, ఇలా. సామెతలూ పాటల పల్లవులూ వద్దు, అవి అందరికీ తెలిసినవి. కళ్లు మూసుకుని నిఘంటువు పేజీలు తిప్పి, వేలు పడిన మాటలు ఏరుకుంటే ఇంకా మేలు.

పెద్దవాళ్లకు ఇది కుదరకపోతే నోట్‌బుక్‌లో రాసుకుని బీరువాలో పెట్టుకోమనండి. నేను మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. ఎక్కడో ఉన్న దొంగ ఇంట్లో బీరువా తెరవలేడు. ఆ నోట్‌బుక్‌ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోకూడదు, అంతే.

మరి ఆ పాస్‌వర్డ్ మేనేజర్‌నే దోచుకుంటే?

దోచుకున్నారు కూడా. 2022లో లాస్ట్‌పాస్ అనే పేరున్న కంపెనీ నుంచి వాడకందారుల పాస్‌వర్డ్ పెట్టెల కాపీలే ఎత్తుకుపోయారు. పెట్టెల్లోని పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, సైటు చిరునామాలు మాత్రం కాలేదు. అంటే ఎవరికి ఏ బ్యాంకులో ఖాతా ఉందో దొంగకు తెలిసిపోయింది. ప్రధాన పాస్‌వర్డ్ బలంగా ఉన్నవాళ్ల పెట్టె పగలగొట్టడం ఆచరణలో కాని పని. బలహీనంగా పెట్టుకున్నవాళ్లకే ముప్పు. దీన్నిబట్టి నేను మేనేజర్ మానేయమనను, ప్రధాన పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టుకోమంటాను. అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడేవాళ్ల ముప్పు దీనికన్నా చాలా పెద్దది.

మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చమని ఆఫీసులో అంటారు. నిజంగా అవసరమా?

అవసరం లేదు. ఊరికే గడువు పెట్టి మార్పించకూడదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. అలా మార్పిస్తే జనం చివర ఒక అంకె పెంచి ఊరుకుంటారు. లీకయిందని తెలిస్తే మాత్రం ఆ రోజే మార్చండి.

ఓటీపీ ఉంది కదా, ఇంకేం భయం?

ఎస్ఎంఎస్ ఓటీపీ మీ సిమ్‌కు వస్తుంది. మీ పేరు మీద ఇంకో సిమ్ తీసుకున్నవాడికీ వస్తుంది. ఎస్ఎంఎస్‌లు చదివే దొంగ యాప్‌కీ కనిపిస్తుంది. ఫోన్‌లో మాయమాటలు చెప్పేవాడికి మనమే చదివి వినిపిస్తాం. ఏమీ లేనిదానికన్నా ఓటీపీ మేలే, బ్యాంకులు అదే ఇస్తే అదే వాడాలి. ఎంపిక మీ చేతిలో ఉన్నచోట, ముఖ్యంగా ఈమెయిల్ ఖాతాకు, ఆథెంటికేటర్ యాప్ (ఎస్ఎంఎస్ లేకుండా ఫోన్‌లోనే కోడ్‌లు తయారుచేసేది) గానీ పాస్‌కీ (పాస్‌వర్డ్‌కు బదులు మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ తాళంచెవి) గానీ పెట్టుకోండి. 2022లో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి పాస్‌కీలకు మద్దతు ప్రకటించాయి. పాస్‌కీ ఆ సైటుకే కట్టుబడి ఉంటుంది. దొంగ సైటు అచ్చం బ్యాంకు సైటులా కనిపించి మిమ్మల్ని మోసం చేయగలదు గానీ పాస్‌కీని మోసం చేయలేదు.

ఈమెయిల్‌నే ఎందుకు ముందు పెట్టానంటే, మిగతా అన్ని ఖాతాల పాస్‌వర్డ్ మార్చే లింకులూ అక్కడికే వస్తాయి. అది పోతే అన్నీ పోయినట్టే. ఆథెంటికేటర్ పెట్టేటప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి దాచండి. ఫోన్ పోయిన రోజున మిమ్మల్ని మీ ఖాతాలోకి తిరిగి తీసుకెళ్లేవి అవే.

అప్‌డేట్ అడిగినప్పుడల్లా చేయాలా? ఒక్కోసారి అప్‌డేటే చెడగొడుతుంది కదా?

రెండూ నిజమే, అందుకే దీనికి కాస్త పెద్ద జవాబు కావాలి.

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమే ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను పడగొట్టింది. "జ్ఞా" అక్షరంలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి కోడ్ పద్ధతి) గుర్తు కలిపి మెసేజీ పంపితే, దాన్ని తెర మీద గీయబోయిన యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరిచినా మళ్లీ మూసుకుపోయేది. ఆకతాయిలు దాన్ని ట్విట్టర్‌లో పేర్ల పక్కన పెట్టి ఆడుకున్నారు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఆ అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు ఆ బాధ తీరిపోయింది.

అంతకు ముందు ఏడాది, 2017 మే 12న, వానాక్రై అనే రాన్సమ్‌వేర్ నూట యాభై దాకా దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులు స్తంభించాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది.

ఇక రెండోవైపు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి బయలుదేరిన ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కంపెనీ గంటన్నర లోపే తప్పు సరిదిద్దినా, అప్పటికే ఆగిన కంప్యూటర్లను మనుషులు ఒక్కొక్కటిగా లేపాల్సి వచ్చింది.

ఇన్నాళ్లూ చూసి నేను పాటిస్తున్నది ఇది. ఫోన్‌కీ, బ్రౌజర్‌కీ, విండోస్‌కీ నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు వెంటనే. రూపురేఖలే మారిపోయే పెద్ద వెర్షన్ వస్తే రెండు మూడు వారాలు ఆగి, ఫొటోలూ ఫైళ్లూ బ్యాకప్ తీసి, ఆ తర్వాత. పెళ్లి ముందురోజు, పరీక్ష ముందురోజు, ప్రయాణం ముందురోజు పెద్ద అప్‌డేట్ జోలికి పోవద్దు.

నా కంప్యూటర్ ఇంకా విండోస్ 10 మీదే ఉంది. కొత్తది కొనాలా?

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబరు వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. పాత యంత్రాల్లో చాలావాటికి విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు. బ్రౌజరు, ఈమెయిల్, రాతపని వరకే మీ అవసరమైతే విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి, తెలుగు టైపింగ్ కూడా బాగానే ఉంటుంది. ట్యాలీ లాంటి విండోస్ సాఫ్ట్‌వేర్ మీద దుకాణం నడుపుతుంటే మాత్రం కొత్త కంప్యూటర్ ఖర్చు పెట్టక తప్పదు.

యాంటీవైరస్ కొనాలా?

ఇంటి కంప్యూటర్‌కి అక్కర్లేదు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిపోతుంది. యాంటీవైరస్‌కి కంప్యూటర్‌లో ప్రతి ఫైలూ, ప్రతి సైటూ చూసే అధికారం ఇస్తాం కాబట్టి దాన్ని ఎంచుకోవడంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. అవాస్ట్ అనే పేరుమోసిన యాంటీవైరస్ కంపెనీ, వాడకందారులు చూసిన సైట్ల వివరాలు సేకరించి జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో చర్య తీసుకుంది. 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. పైరసీ ఫొటోషాపు, క్రాక్ చేసిన ఆఫీసు వేసుకుంటూ యాంటీవైరస్ కొనడంలో అర్థం లేదు. ఎందుకంటే క్రాక్ నడవాలంటే యాంటీవైరస్ ఆపేయమని ఆ ఫైలుతో వచ్చే సూచనల్లోనే ఉంటుంది.

ఓపెన్ సోర్స్ (కోడ్ బహిరంగంగా ఉన్న సాఫ్ట్‌వేర్) అయితే సురక్షితమేనా?

ఆ ఒక్క కారణంతో అని చెప్పలేను. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం చూడండి. లైనక్స్ లోకమంతా వాడే ఫైళ్ల సైజు తగ్గించే ఒక చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌ని ఒక్కడే నిర్వాహకుడు, జీతం లేకుండా, అలిసిపోయి నెట్టుకొస్తున్నాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా మంచిగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, అందులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన కంప్యూటర్‌లో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నాడు. ప్రధాన లైనక్స్ పంపిణీల స్థిరమైన విడుదలల్లోకి చేరకముందే ఆగింది.

కోడ్ బహిరంగంగా ఉంది కాబట్టే అతను అంత లోతుకు వెళ్లగలిగాడు. ఆ నిర్వాహకుడికి తోడుగా ఇంకో నలుగురు, కాస్త డబ్బు ఉండి ఉంటే అంతదూరం వచ్చేదే కాదేమో. అందుకే మీరు రోజూ వాడే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి ఏడాదికోసారైనా, మీకు తోచినంత, విరాళం ఇవ్వండి. ఈ మాట నేను ఎవరికైనా ఎన్నిసార్లైనా చెబుతాను.

నా ఫొటోలన్నీ గూగుల్ ఫొటోస్‌లో ఉన్నాయి. అది బ్యాకప్పే కదా?

సగమే. ఫోన్‌లో ఆ యాప్‌లో ఒక ఫొటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో 60 రోజులుండి ఆ తర్వాత శాశ్వతంగా వెళ్లిపోతుంది. ఖాతా లాక్ అయినా, పాస్‌వర్డ్ దొంగ చేతికి పోయినా ఫొటోలూ పోతాయి. రెండోచోట విడిగా ఉన్న కాపీనే నేను బ్యాకప్ అంటాను.

పెద్ద పెద్ద సంస్థలే ఇక్కడ దెబ్బతిన్నాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు పని ఫైళ్లన్నీ దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు. అంత పెద్దదానికి కాపీ పెట్టడం కష్టమని బయట ఎక్కడా పెట్టలేదు. అంతకు చాలా ముందే, 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ని తుడిచేశాడు. బ్యాకప్ పద్ధతులు చాలానే ఉన్నాయి గానీ ఏదీ సరిగా పనిచేయడం లేదని ఆ రాత్రే తెలిసింది. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి మిగిలింది.

ఇంట్లో చేయాల్సింది ఇంతే. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొని నెలకోసారి ఫొటోలు, ముఖ్యమైన కాగితాల స్కాన్లు కాపీ చేయండి. కాపీ అవగానే కేబుల్ పీకేయండి, ఎందుకంటే తగిలించి ఉన్న డిస్క్‌కి కూడా రాన్సమ్‌వేర్ తాళం వేస్తుంది. వీలైతే ఇంకో డిస్క్ వేరే ఇంట్లో, అన్నదమ్ముల దగ్గరో అక్క దగ్గరో ఉంచండి. ఏడాదికి రెండుసార్లు అందులోంచి నాలుగు ఫొటోలు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

నాన్నగారు రాసినవన్నీ పాత అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉన్నాయి. ఎలా?

వెంటనే పని మొదలుపెట్టండి. తెలుగువాళ్ల ఇళ్లలోనూ ప్రెస్సుల్లోనూ ఇలా చిక్కుకుపోయిన సాహిత్యం ఎంతుందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. పుస్తకాల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను లాంటి పాత పద్ధతుల్లో ఫైలులోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. వాటికి ఆ ఫాంటు తొడిగితేనే తెర మీద తెలుగుగా కనిపిస్తాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో అది చదవలేని గజిబిజి, వెతకడమూ కుదరదు.

ముందు అసలు ఫైళ్లనీ, ఆ ఫాంటు ఫైళ్లనీ కలిపి ఉన్నవి ఉన్నట్టు రెండుచోట్ల కాపీ చేయండి. పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే ప్రతి ఫైలునీ పీడీఎఫ్ చేయండి, కనీసం చూడ్డానికైనా ఉంటుంది. తర్వాత మూల పాఠాన్ని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు వాడండి. ఒత్తులూ గుణింతాలూ అక్కడక్కడా తారుమారవుతాయి, ఒక మనిషి కూర్చుని పోల్చి దిద్దాల్సిందే. ఇకమీదట రాసేవి మొదటినుంచే యూనికోడ్‌లో రాయండి. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచి ఉంది, మండలి, రామభద్ర, గురజాడ లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి.

ఇదే జాగ్రత్త ఆన్‌లైన్ రాతలకూ వర్తిస్తుంది. తెలుగులోనూ చాలామంది రాసిన, ట్విట్టర్ లాంటి కూ యాప్ 2024 జులైలో మూతబడింది. ఎక్కడ రాసినా ఒక కాపీ మీ దగ్గర మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంచుకోండి.

ఇన్‌కాగ్నిటోలో చూస్తే, వీపీఎన్ పెట్టుకుంటే ఎవరికీ తెలియదా?

ఇన్‌కాగ్నిటో మీ కంప్యూటర్‌లో చరిత్ర మిగలకుండా చేస్తుంది, అంతవరకే. ఆఫీసు నెట్‌వర్కుకీ, ఇంటర్నెట్ కంపెనీకీ, మీరు చూసిన సైటుకీ తెలుస్తూనే ఉంటుంది. వీపీఎన్ మీ ఇంటర్నెట్ రాకపోకల్ని ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా మళ్లిస్తుంది. అది వాడితే ఇంటర్నెట్ కంపెనీకి బదులు వీపీఎన్ కంపెనీని నమ్ముతున్నారు. ఉచిత వీపీఎన్‌లు వాడకండి.

ఆధార్ జిరాక్స్ అడిగినచోటల్లా ఇవ్వాలా?

హోటల్ గదికీ, సొసైటీ గేటుకీ పూర్తి నంబరుతో ఇవ్వాల్సిన పని లేదు. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటు నుంచి మాస్క్‌డ్ ఆధార్ దించుకుంటే చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. దానికన్నా ముఖ్యం బయోమెట్రిక్ లాక్, అంటే మీ వేలిముద్రతో ఆధార్ పనిచేయకుండా వేసుకునే తాళం. ఆధార్ ఆధారిత చెల్లింపుల పద్ధతిలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ లేకుండానే డబ్బు తీయొచ్చు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి అలా డబ్బు కాజేసిన ముఠాలను మన పోలీసులే పట్టుకున్నారు. వేలిముద్ర రోజూ అవసరం లేనివాళ్లు లాక్ వేసుకుని, కావలసినప్పుడు తాత్కాలికంగా తీసుకోవచ్చు. పింఛనుకో రేషనుకో ప్రతినెలా వేలిముద్ర వేసే పెద్దవాళ్లకు ఇది ఇబ్బంది, వాళ్లకు లాక్ వేసేముందు ఆలోచించండి.

మేం అమెరికాలో ఉన్నాం, అమ్మానాన్నలు గుంటూరులో. వాళ్ల ఫోన్ ఎలా జాగ్రత్త చేయాలి?

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పూట దీనికి పెట్టుకోండి. అక్కర్లేని యాప్‌లు తీసేయండి. ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్‌లు ఉంటే ముందు అవి. యూపీఐకి చిన్న మొత్తం ఉండే వేరే ఖాతా ఒకటి తగిలించండి, ఫిక్స్‌డ్ డిపాజిట్లున్న ఖాతా ఫోన్‌లో ఉండనక్కర్లేదు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదని నాలుగైదుసార్లు చెప్పండి.

వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించి డబ్బు లాగే మోసం పేరు డిజిటల్ అరెస్టు, అలాంటిది చట్టంలో లేదని చెప్పండి. పోలీసు యూనిఫాంలో వీడియో కాల్ వస్తే పెట్టేసి, మీకు ఏ వేళకైనా ఫోన్ చేయమనండి. అర్ధరాత్రి అయినా విసుక్కోకండి. పెద్దవాళ్లు మోసపోయేది తెలివి తక్కువై కాదు, భయపడి, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదనుకుని. "ఏంటమ్మా ఇది కూడా తెలీదా" అని ఒక్కసారి అంటే ఇంకోసారి వాళ్లు మీకు చెప్పరు. మీ గొంతునే నకలు చేసి డబ్బు అడిగేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక మాట అనుకుని పెట్టుకోండి.

కంపెనీల మీద చట్టం ఏమీ చేయదా?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో. కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. అప్పుడు మీ సమాచారం చూపించమనీ, సరిదిద్దమనీ, తుడిచేయమనీ అడిగే హక్కు ఉంటుంది. భద్రతలో విఫలమైతే జరిమానా రూ. 250 కోట్ల దాకా ఉంది.

డబ్బు పోయింది. ఇప్పుడేం చేయాలి?

సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇది చదవడం ఆపి ఇప్పుడే చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కణ్నుంచి మరో నాలుగింటికి వేగంగా మారిపోతుంది, మొదటి గంటల్లో చెబితేనే మధ్యలో ఆపే అవకాశం ఎక్కువ. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం దగ్గర పెట్టుకోండి. తర్వాత బ్యాంకుకు చెప్పి కార్డులు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు రాసుకోండి. మెసేజీలు, కాల్ లాగ్, స్క్రీన్‌షాట్లు ఏవీ తుడవకండి. డబ్బు వెనక్కి ఇప్పిస్తామని తర్వాత ఫోన్లు వస్తాయి. చాలాసార్లు వాళ్లూ అదే ముఠా, వాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపకండి.